వసంత కచేరికి షూబర్ట్ 'అన్‌ఫినిష్డ్': మా ఔత్సాహిక ఆర్కెస్ట్రాని ఎలా తయారు చెయ్యాలి?

మూడోవరుస (ఒహాయో)

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రా ఉంది. డాక్టర్లు, స్కూలు టీచర్లు, రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు కలిసి వాయిస్తాం. కండక్టర్‌కి తప్ప ఎవరికీ డబ్బులివ్వరు. నేను సెకండ్ వయొలిన్లలో మూడో వరుసలో కూర్చుంటాను. ఈసారి మా సెక్షన్ రిహార్సళ్ళు చూసుకోమన్నారు, కమిటీతో కలిసి వసంత కచేరికి ప్రణాళిక కూడా వెయ్యమన్నారు.

ప్రోగ్రామ్ ఇది: బేతోవెన్ ఎగ్మంట్ ఓవర్చర్, షూబర్ట్ 'అన్‌ఫినిష్డ్' సింఫనీ, ద్వోర్జాక్ స్లావానిక్ డాన్సుల్లో ఓపస్ 46 ఎనిమిదోది. వారానికి ఒక సాయంత్రం, రెండున్నర గంటలు. పది వారాల టైముంది.

ఇప్పటిదాకా మా పద్ధతి ఏమిటంటే, ప్రతివారం మొదటి పేజీతో మొదలుపెడతాం. తప్పు వచ్చినచోట ఆగి మళ్ళీ మొదటికి వస్తాం. అందుకని మొదటి రెండు పేజీలు అందరికీ కంఠతా వచ్చేస్తాయి, చివరి పేజీలు మాత్రం కచేరి దగ్గరపడ్డాకే ముట్టుకుంటాం. రెండో బాధ, మెల్లగా, అంటే తక్కువ ధ్వనితో, వాయించడం మాకు చేతకావడం లేదు. షూబర్ట్‌లో సగం పియానిస్సిమోనే (చాలా తక్కువ ధ్వని) కదా! పైగా కర్ణాటక సంగీతం నేర్చుకున్న అమ్మాయిలిద్దరు కొత్తగా వయొలిన్లలో చేరారు. చెయ్యి చక్కగా నడుస్తుంది కానీ ఆర్కెస్ట్రాలో ఇమడటానికి ఇబ్బంది పడుతున్నారు. అనుభవమున్నవాళ్ళు చెప్పగలరా?

చెల్లో_లండన్

ముందు కాగితాల సంగతి తేల్చండి. ఈ మూడు రచనలకూ కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఐఎమ్ఎస్ఎల్పీ అనే ఆన్‌లైన్ స్వరలిపి భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. చిక్కల్లా అక్కడే వస్తుంది. ఒకరు ఒక ముద్రణ దించుకుంటారు, పక్కవాళ్ళు ఇంకోటి. కండక్టర్ "లెటర్ సి నుంచి" అనగానే తలా ఒకచోట మొదలుపెడతారు. ముద్రణ ఒకటే ఉండాలి, ప్రింట్లు ఒకరే తియ్యాలి, ప్రతి లైను మొదట్లో బార్ (నిలువు గీతల మధ్య ఉండే తాళపు గడి) నంబరు వెయ్యాలి. స్టాండుకి ఇద్దరు కూర్చుంటారు కాబట్టి మామూలు ఆఫీసు కాగితం సరిపోదు, పెద్ద సైజులో తియ్యండి. ఇక్కడ కొన్ని కౌంటీ లైబ్రరీలు పూర్తి సెట్లు అద్దెకిస్తాయి. మీ దేశంలో ఫిలడెల్ఫియా ఫ్రీ లైబ్రరీ వాళ్ళ ఫ్లైషర్ కలెక్షన్ నుంచి ఆర్కెస్ట్రాలు సెట్లు తెప్పించుకుంటాయి, కనుక్కోండి.

తర్వాత కమాను గుర్తులు. పైకా కిందికా అన్నది మొదటి రిహార్సల్‌కి ముందే కాన్సర్ట్‌మాస్టర్ (ఫస్ట్ వయొలిన్ల లీడర్) రాసెయ్యాలి. ఆ గుర్తుల్ని మిగతా సెక్షన్ల లీడర్లు తమ పార్ట్‌లలోకి (తమ వాద్యానికి రాసిన కాగితాల్లోకి) ఎక్కించుకోవాలి. ఆ పని రిహార్సల్లో పెట్టుకుంటే స్ట్రింగ్స్ చర్చించుకుంటున్నంతసేపూ గాలి వాద్యాలవాళ్ళు ఊరికే కూర్చోవాలి. అరగంట ఇట్టే పోతుంది.

ఇక పది వారాలు. మొదటి వారం మూడూ ఆపకుండా వాయించెయ్యండి, పడిపోయినా లేచి ముందుకే. ఎక్కడెక్కడ కష్టమో ఆ రోజే అందరికీ తెలుస్తుంది. రెండు, మూడు వారాలు సెక్షన్లు విడివిడిగా వేరే గదుల్లో. నాలుగు నుంచి ఏడు వరకు ముక్కలు ముక్కలుగా, అదీ *చివరి నుంచి*. షూబర్ట్ ఆందాంతే (రెండో భాగం) చివరి పేజీ ముందు, దాని ముందుది తర్వాత. అలా చేస్తే కచేరిలో వాయిస్తూ పోయేకొద్దీ బాగా తెలిసిన చోటికి చేరుకుంటారు. ఎనిమిదో వారం అతుకులు. తొమ్మిది, పది వారాలు పూర్తిగా.

ఇంకో ముఖ్యమైన మాట. ప్రతి వారం ఏ టైముకి ఏ భాగమో ముందురోజే ఈమెయిల్ పంపండి. ఎగ్మంట్‌లో ట్రాంబోన్లు లేవు. ఆ ముగ్గురినీ ఏడింటికి రప్పించి ఎనిమిదిన్నర దాకా కూర్చోబెడితే మూడో వారానికల్లా రావడం మానేస్తారు.

హార్న్_మ్యూనిక్

చెల్లోగారి పట్టికకి నా ఓటు. హార్న్ వైపు నుంచి కొన్ని మాటలు.

షూబర్ట్ మొదటి భాగంలో హార్న్ పార్ట్ 'డి'లో రాసి ఉంటుంది, రెండో భాగంలో 'ఈ'లో. ఇప్పుడు వాయించేది ఎఫ్ హార్న్. అంటే మొదటి భాగంలో చూసిన స్వరాన్ని మూడు స్వరస్థానాలు కిందికి దించి వాయించాలి, రెండో భాగంలో ఒక్క స్థానం. అలవాటున్నవాళ్ళకి ఇది నల్లేరు మీద నడకే. కొత్తవాళ్ళకి మాత్రం చూస్తూ చూస్తూ బుర్రలో మార్చుకోవడం నరకం. మీ హార్న్ వాళ్ళని ఇప్పుడే అడగండి. రాకపోతే ఎఫ్‌లోకి మార్చిన పార్ట్ ఇవ్వండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఎగ్మంట్‌కి నలుగురు హార్న్ వాళ్ళు కావాలి, ఇప్పుడే లెక్క చూసుకోండి.

ట్రాంబోన్ల కష్టం వేరు. షూబర్ట్‌లో చాలాసేపు ఖాళీగా ఉండి, చల్లబడ్డ వాద్యంతో మెత్తగా అందుకోవాలి. ఖాళీ బార్లు లెక్కపెట్టడం ఒక్కటే సరిపోదు. తమకు ముందు ఎవరు ఏం వాయిస్తారో పార్ట్‌లో పెన్సిల్‌తో రాసుకోమనండి. "ఇక్కడ ఓబో, తర్వాత మనం" అన్న చిన్న గుర్తు ఉంటే లెక్క తప్పినా దారి దొరుకుతుంది.

జర్మనీలో ఔత్సాహిక ఆర్కెస్ట్రాలకి ఒక మంచి ఆచారం ఉంది. కచేరికి కొన్ని వారాల ముందు శుక్రవారం సాయంత్రం అందరూ ఊరవతల ఏ యూత్ హాస్టల్‌కో వెళ్ళిపోతారు. ఆదివారం మధ్యాహ్నం దాకా వాయించడం, తినడం, మళ్ళీ వాయించడం. వారానికొకసారి కలిస్తే పోయిన వారం నేర్చుకున్నది సగం జారిపోతుంది. ఈ రెండు రోజుల్లో అది నిలుస్తుంది. అన్నం దగ్గర ఫ్లూట్ వాళ్ళూ బాస్ వాళ్ళూ మాట్లాడుకోవడం మొదలవుతుంది, వాద్యంలో అది వినిపిస్తుంది కూడా.

విజయనగరం_వయొలిన్

ఆ అమ్మాయిలిద్దరి గురించి రాస్తాను. నేనూ ఆ దారిలో వచ్చినవాణ్ణే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊరు మాది, ఇక్కడ వయొలిన్ అంటే ముందు కర్ణాటక కచేరి వయొలినే.

మన పద్ధతిలో నేల మీద కూర్చుని, వయొలిన్ తలభాగాన్ని కుడి పాదం మడమ దగ్గర ఆనించుకుంటాం. ఎడమ చెయ్యి దేన్నీ మొయ్యక్కర్లేదు కాబట్టి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది. కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకోగానే ఆ స్వేచ్ఛ పోతుంది, పొజిషన్లు మారడం కొత్తగా నేర్చుకోవాలి. షోల్డర్ రెస్ట్ సరిగ్గా అమరిందో లేదో ముందు చూడండి, సగం ఇబ్బంది అక్కడే తీరవచ్చు. రెండోది గమకం. స్వరం నుంచి స్వరానికి తెలియకుండానే జారతారు. ఒంటరిగా వింటే బాగుంటుంది కానీ పక్కన పదిమంది అదే స్వరాన్ని నిటారుగా పట్టుకున్నప్పుడు పొసగదు. "జారొద్దు" అని చెప్తే బిగుసుకుపోతారు. తంబురా పెట్టి ఒక్కో స్వరాన్ని నిండు కమానుతో, కదపకుండా నిలపమనండి. వాళ్ళకు తెలిసిన సాధనే అది.

వాళ్ళ బలం కూడా వాడుకోండి మరి! ఆ ద్వోర్జాక్ డాన్సు ఫురియాంట్, చెక్ దేశపు నాట్యం. రాత మూడు లెక్కలో ఉన్నా నడక వేరు. నాలుగు బార్లకి పన్నెండు అక్షరాలు. వాటిని ఇలా చెప్పండి:

తక తక తక — తకిట తకిట

చేత్తో తాళం వేస్తూ వేగం పెంచుకుంటూ పదిసార్లు అంటే చాలు, మీ సెక్షన్ మొత్తం సర్దుకుంటుంది. ఆ అమ్మాయిలనే ముందు నిలబెట్టి చెప్పించండి.

మూడోవరుస (ఒహాయో)

తక తక తక నిన్న సెక్షన్ రిహార్సల్లో చేయించాం. డెబ్బై దాటిన పెద్దాయనొకరు మా సెక్షన్లో ఉన్నారు, ఆయన కార్లో ఇంటికెళ్తూ కూడా అంటూనే ఉన్నారట. మీకు చాలా థ్యాంక్సండీ.

ఇంకో ప్రశ్న. షూబర్ట్ తొమ్మిదో బార్ నుంచి వయొలిన్లకి వచ్చే పదహారో వంతు స్వరాలు, ఎగ్మంట్ చివర్లో పరుగులు కొందరికి అందవు. వాళ్ళని ఏం చెయ్యమనాలి? కమాను గాల్లో ఆడించమనడం నాకు నచ్చదు.

బ్యాండ్‌మాస్టర్ (సికింద్రాబాద్)

పచ్‌మఢీ మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో శిక్షణ పొంది, ముప్పై ఏళ్ళకు పైగా క్లారినెట్ వాయించినవాణ్ణి. నా మాట ఒక్కటే. వాయించకుండా వాయిస్తున్నట్టు నటించడానికి నేను ఒప్పుకోను. వేగం సగానికి దించి, మెట్రోనోమ్ పెట్టి, రోజుకి పది నిమిషాలు ఇంట్లో చేస్తే పది వారాల్లో రానిది లేదు. రిహార్సల్ ఇంటి సాధనకి బదులు కాదు.

వయోలా_అమ్మ (న్యూజెర్సీ)

మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ ఇక్కడ ఒప్పుకోలేను. మా అబ్బాయి యూత్ ఆర్కెస్ట్రాలో చేరినప్పుడు నేనూ వయోలా పట్టుకున్నాను. నలభై దాటాక మొదలుపెట్టినవాళ్ళ వేళ్ళకి హద్దులుంటాయి. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు అయ్యాక దొరికే పది నిమిషాలు అందరికీ ఒకే ఫలితం ఇవ్వవు.

నటించడం వేరు, తగ్గించి వాయించడం వేరు. మాకు మా సెక్షన్ లీడర్ చెప్పింది ఇది: పరుగు వచ్చినప్పుడు ప్రతి బీట్‌లో మొదటి స్వరాన్ని సరైన టైముకి, సరైన శ్రుతిలో వాయించు. మధ్యవి అందితే సరే, అందకపోతే వదిలెయ్. నాలుగింటిలో ఒకటి వాయించేవాళ్ళు పక్కన నాలుగూ వాయించేవాళ్ళుంటే ఆ పరుగుకి వెన్నెముక వస్తుంది. అన్నీ అందుకోబోయి ఆలస్యంగా చేరితే అందరినీ లాగేస్తారు.

బ్యాండ్‌మాస్టర్ (సికింద్రాబాద్)

అమ్మా, మొదటి స్వరం టైముకి పడాలన్నది నిజం, అది ఒప్పుకుంటాను. కానీ ఏయే చోట్ల వదలాలో ఎవరికి వారు తేల్చుకోకూడదు. సెక్షన్ లీడర్ చెప్పాలి, పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. ఎనిమిదో వారం మళ్ళీ చూసి, వచ్చినవాటిని తిరిగి చేర్చాలి. లేకపోతే అందరూ ఒకే స్వరాన్ని వదిలేస్తారు, అక్కడ చిల్లు పడుతుంది.

వయోలా_అమ్మ (న్యూజెర్సీ)

ఇది బాగుంది మాస్టారూ. మా లీడర్‌కి కూడా చెప్తాను.

చెల్లో_లండన్

మెల్లగా వాయించడం గురించి ఎవరూ రాయలేదు. నాకు ప్రాణమైన విషయం అదే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ఔత్సాహికులు గట్టిగా వాయించేది చెయ్యి బరువు వల్ల మాత్రమే కాదు. ఎవరి స్వరం వాళ్ళకి వినిపించకపోతే భయం, అందుకని పెంచుతారు. పక్కవాళ్ళకి వాళ్ళది వినిపించదు, వాళ్ళూ పెంచుతారు. "మెల్లగా!" అని కండక్టర్ ఎన్నిసార్లు అరిచినా రెండు బార్లే నిలుస్తుంది. పక్కవాళ్ళు ఏం వాయిస్తున్నారో తెలిసినప్పుడే నిజంగా తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు వినాల్సింది ఒకటుంటుంది.

షూబర్ట్ మొదటి భాగంలో జి మేజర్‌లో చెల్లోల పాట వస్తుంది కదా, సింఫనీ పేరు తెలియనివాళ్ళు కూడా గుర్తుపట్టే పాట. దాని కింద వయోలాలూ క్లారినెట్లూ బీట్‌కి పక్కన, ఎదురు నడకలో వాయిస్తాయి. డబుల్ బాస్ వేళ్ళతో మీటుతూ బీట్ మీద నడుస్తుంది. చాలామంది కండక్టర్లు వయోలాలతో "చెల్లోలని వినండి" అంటారు. నేను చెల్లో వాయించేవాణ్ణి, అయినా అది వద్దంటాను. పాట సాగుతుంది, ఊపిరి తీసుకుంటుంది. దాని వెంటపడితే ఎదురు నడకవాళ్ళు వెనకబడిపోతారు. వాళ్ళ చెవి బాస్ మీద ఉండాలి. ముందు బాస్, వయోలాలు, క్లారినెట్లు మాత్రమే వాయించండి, పాట లేకుండా, మిగతా అందరూ వింటూ. అది కుదురుగా నిలిచాక చెల్లోలని కలపండి. వాళ్ళు గట్టిగా వాయించాల్సిన అవసరమే ఉండదు.

అలాగే మొదటి ఎనిమిది బార్లు. చెల్లోలూ బాస్‌లూ తప్ప ఎవరూ లేరు, తోడు స్వరాలు కూడా ఏమీ లేవు. ఆ ఎనిమిది బార్లని ఒకసారి ఆర్కెస్ట్రా అందరిచేతా గొంతుతో పాడించండి. ట్రంపెట్ వాళ్ళతో సహా. పదమూడో బార్‌లో ఓబో, క్లారినెట్ ఒకే పాటని కలిపి వాయిస్తాయి. వాళ్ళిద్దరినీ పది నిమిషాలు ముందు రప్పించి, వయొలిన్లు లేకుండా వాయించుకోనివ్వండి.

ఇంకొకటి, ఒక సాయంత్రం కుర్చీలు మార్చండి. వయొలిన్లని హార్న్‌ల పక్కన, ఫ్లూట్లని బాస్‌ల దగ్గర. కండక్టర్‌ని కర్ర దించేసి పక్కన నిలబడమనండి. మొదటి ఐదు నిమిషాలు గందరగోళంగా ఉంటుంది, తర్వాత అందరి మొహాల్లో చెవులు కనిపిస్తాయి.

హార్న్_మ్యూనిక్

నూటికి నూరుపాళ్ళు నిజం. ఆందాంతే మొదట్లో మేమూ బసూన్లూ కలిసి ఎత్తుకుంటాం, కింద బాస్ మీటుతుంది. బాస్ ఎక్కడుందో వినిపించకపోతే మేం గుడ్డివాళ్ళమే.

శ్రుతి గురించి ఒకటి కలుపుతాను. మెల్లగా ఊదినప్పుడు ఫ్లూట్ శ్రుతి దిగుతుంది, క్లారినెట్ శ్రుతి ఎక్కుతుంది. పియానిస్సిమోలో వాళ్ళిద్దరూ విడిపోవడానికి కారణం చెవి లోపం కాదు, వాద్యాల స్వభావమే. అది ముందే తెలిస్తే ఒకరినొకరు తప్పుపట్టుకోరు. హాలు వేడెక్కితే గాలి వాద్యాలు పైకి పోతాయి, తీగలు కిందికి వస్తాయి. అందుకే విరామం తర్వాత మళ్ళీ ఓబో దగ్గర 'ఎ' స్వరం తీసుకుని శ్రుతి చేసుకోవాలి.

మూడోవరుస (ఒహాయో)

కమిటీలో రెండు గొడవలు నడుస్తున్నాయి. ఒకటి: కచేరికి మాత్రం కొందరు ప్రొఫెషనల్ వాద్యకారులని డబ్బులిచ్చి పిలుద్దామంటున్నారు. రెండోది: వరస. షూబర్ట్ చివర పెట్టాలా, ద్వోర్జాకా?

వయోలా_అమ్మ (న్యూజెర్సీ)

మొదటిదానికి నేను వ్యతిరేకం. నెలల తరబడి వచ్చినవాళ్ళ ముందు, కచేరి రోజు వచ్చినవాళ్ళని మొదటి కుర్చీలో కూర్చోబెడితే మనసు విరిగిపోతుంది. మా ఊళ్ళో అలా జరిగాక ఇద్దరు మానేశారు.

చెల్లో_లండన్

లేని వాద్యానికి పిలవక తప్పదమ్మా. రెండో బసూన్ లేకుండా షూబర్ట్ ఎలా? కానీ సొంతవాళ్ళున్న సెక్షన్లోకి తెస్తే వెనక వరుసలోనే కూర్చోబెట్టాలి. వెనక నుంచి వచ్చే గట్టి స్వరం ముందువాళ్ళకి ధైర్యాన్నిస్తుంది, ఎవరి కుర్చీ పోదు.

బ్యాండ్‌మాస్టర్ (సికింద్రాబాద్)

ఎవరినైనా పిలవండి, కనీసం రెండు రిహార్సళ్ళకి రావాలన్న షరతు మీద.

వరస విషయం. 'అన్‌ఫినిష్డ్' 1822లో రాసింది. షూబర్ట్ 1828లో పోయాడు, 1865 డిసెంబరులో వియన్నాలో కండక్టర్ హెర్బెక్ వాయింపించేదాకా అది లోకానికి వినపడలేదు. రెండు భాగాలే పూర్తయ్యాయి, రెండోది మెత్తగా ముగుస్తుంది. దాని తర్వాత వెంటనే తాళాలు, డ్రమ్ములు మోగించడం నాకు నచ్చదు. ఎగ్మంట్‌తో మొదలుపెట్టి, ద్వోర్జాక్ తర్వాత విరామం ఇచ్చి, షూబర్ట్‌తో ముగించండి.

హార్న్_మ్యూనిక్

మాస్టారూ, వినేవాళ్ళకి మీరు చెప్పిందే న్యాయం. వాయించేవాళ్ళ వైపు చూస్తే, అలిసిపోయిన పెదవులతో ఆఖర్న పియానిస్సిమో వాయించడం ఔత్సాహికులకి చాలా కష్టం. మొదట షూబర్ట్ పెట్టి, విరామం తర్వాత ద్వోర్జాక్ వాయించి, ఎగ్మంట్‌తో ముగిస్తే ఎలా ఉంటుంది? 1568లో బ్రస్సెల్స్‌లో తల తీయించుకున్న వీరుడి కథకి గోథె రాసిన నాటకం, దానికి బేతోవెన్ సంగీతం. చివరి ఎఫ్ మేజర్ విజయగీతానికి మించిన ముగింపు ఏముంటుంది? ఆ కొద్ది బార్లలో మెత్తగా మొదలై పైకి లేచే చోట మాత్రం జాగ్రత్త. అందరూ మొదటి బార్‌లోనే పెంచేస్తారు. పెంచమన్న గుర్తు కనిపించినచోట "ఇంకా మెల్లగానే" అని రాసుకోమనండి.

మూడోవరుస (ఒహాయో)

కమిటీకి రెండు వరసలూ చెప్పాను. షూబర్ట్ ముందు, ఎగ్మంట్ చివర అని తేలింది. బయటవాళ్ళు రెండో బసూన్‌కీ ఒక హార్న్‌కీ మాత్రమే, రెండు రిహార్సళ్ళ షరతుతో. వారాంతపు శిబిరానికి దగ్గర్లోని చర్చి వాళ్ళ విడిది దొరికింది. బాస్, వయోలా, క్లారినెట్లు మాత్రమే వాయించిన రోజు మా కండక్టర్ చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మళ్ళీ ఒకసారి" అన్నారు. ఆ తర్వాత చెల్లోలు కలిసినప్పుడు మా వయొలిన్లు వాటంతటవే తగ్గాయి.

చివరి రిహార్సల్ హాల్లో ఎలా నడపాలో కూడా చెప్పండి. మా కష్టం, డబుల్ బాస్ ఒక్కటే ఉంది.

చెల్లో_లండన్

చివరి రిహార్సల్లో అంతా పూర్తి బలంతో వాయించొద్దు, ఇత్తడి వాద్యాలవాళ్ళ పెదవులు కచేరికి మిగలాలి. ప్రతి రచన మొదలు, ముగింపు, వేగం మారే చోట్లు, షూబర్ట్‌లో పాట హఠాత్తుగా ఆగి నిశ్శబ్దం వచ్చే బార్, ఇవి చూసుకోండి. ఆ ఖాళీ బార్‌లో ఒక్క కమాను కూడా కదలకూడదు. ఒకరికి స్కోర్ (అన్ని వాద్యాల రాతా కలిపి ఉండే పుస్తకం) ఇచ్చి హాలు వెనక కూర్చోబెట్టండి. స్టేజీ మీద వినిపించేది వేరు, అక్కడ వినిపించేది వేరు. లేచి నిలబడటం, లోపలికి రావడం కూడా ఒకసారి చేసి చూడండి. స్టాండ్ దీపాల ప్లగ్గులు లెక్కపెట్టుకోండి.

ఒక్క బాస్ ఉన్నా నడుస్తుంది. దగ్గర్లోని హైస్కూలు ఆర్కెస్ట్రా టీచర్‌ని అడగండి, ఇంకో విద్యార్థి దొరకవచ్చు. దొరకకపోతే ఆ ఒక్కరినీ చెల్లోలకు ఆనుకుని, బోలు చెక్క వేదిక మీద నిలబెట్టండి. చెక్క కూడా మోగుతుంది, స్వరం నిండుగా వస్తుంది. హార్న్ వాళ్ళకి అడ్డు లేకుండా కనిపించేలా చూడండి. ఆందాంతే మొదట్లో వాళ్ళు చూడాల్సింది ఆ వేళ్ళనే.